పసుపు మీదికి తోసేసిన తప్పు

మా తెలుగు సంఘంవాళ్లు ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెట్టినప్పుడల్లా నా పేరు పక్కన పేపరు ప్లేట్లు అని రాస్తారు. పదేళ్లుగా ఇదే వరస. ఒకరికి పులిహోర, ఒకరికి గుత్తివంకాయ, మొన్న మొన్న దిగిన కుర్ర జంటకి ఏకంగా బిర్యానీ. నాకు ప్లేట్లు. కిందటిసారి కాస్త పదోన్నతి ఇచ్చి టిష్యూలు కూడా కలిపారు. నాకు వంట రాదని కాదు. నా పప్పు మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. తిన్నవాళ్లు కూడా లేరనుకోండి, అది వేరే సంగతి. ఎందుకిలా చేస్తారని ఒకసారి మా ఆవిడనడిగితే, "ప్లేట్లయితే పాడుచేయలేవని" అంది.

అందులో నిజం లేకపోలేదు. అయితే నా చేతిలో పని పాడైతే ఏమవుతుందో వాళ్లెవరూ చూడలేదు. నేను చూశాను. అది నాకంటుకోదు. పక్కవాడికి అంటుకుంటుంది. ఎనిమిదేళ్ల కిందట అలా అంటుకున్న మరక ఒకటి ఉంది. దాన్ని నేను మోస్తున్నానని రాద్దామనుకున్నాను గానీ, ఆ మాట సరికాదు. మోసింది వేరే ఆయన. బరువెంతో నాకు తెలుసు, అంతే. తెలిసి కూడా పక్కనే చేతులూపుకుంటూ నడిచాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉంటుందనుకుంటాను.

నేను పెర్త్‌లో ఉంటాను. కానింగ్ వేల్‌లో రేకుల షెడ్లు వరసగా ఉండే వీధిలో ఒక చిన్న కంపెనీలో పని. టైల్సువాడికీ ఈతకొలను పంపులు బాగుచేసేవాడికీ మధ్య మేం రైఫిళ్లు తయారుచేస్తాం. కంగారుపడకండి. లైసెన్సులు, తాళాలు, రిజిస్టర్లు, ఏ క్షణాన్నయినా వచ్చి లెక్కచూసుకునే పోలీసులు, అన్నీ ఉన్నాయి. మావి ఒక్కొక్క గుండుకీ బోల్టు చేత్తో వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందకి వంచాల్సిన రకం. కొనేది ఎక్కువగా కాగితం మీద చుక్కల్ని గురిచూసి కొట్టే ఆటగాళ్లు, తర్వాత పొలాల్లో నక్కల బెడద ఉన్న రైతులు. మా అత్తగారికి మాత్రం "మెకానికల్ పార్టులు" అని చెప్పాం. అబద్ధం కాదు.

నా పని బొమ్మలు గీయడం. కంప్యూటర్లో. రైఫిలంటే అందరూ గొట్టం వైపు చూస్తారు. గొట్టాన్నీ బోల్టునీ పట్టి ఉంచే ఒళ్లొకటి ఉంటుంది, భుజానికి ఆనేదీ చెయ్యి పట్టేదీ అదే. దాన్ని స్టాక్ అంటాం. నేను గీసేది ఆ స్టాక్‌ని. అందులో ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు, ఈ కథంతా మీకు అర్థమైపోతుంది: గొట్టం వెనకాల మాత్రమే బిగించి ఉండాలి. ముందుభాగం దేనికీ తగలకుండా గాల్లో తేలాలి. దాని కింద స్టాక్ ముందుకి సాగి ఉంటుంది, మేం ముందు చెక్క అంటాం. ఆ చెక్కకీ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉండాలి. ఎక్కడైనా తగిలిందా, గుండు తనకి నచ్చిన చోటికి పోతుంది.

ఆ సందు సరిగ్గా ఉందో లేదో చూసేది పైడిరాజు అంకుల్.

అంకుల్ది విశాఖపట్నం. ఓడల పనిలో ఫిట్టరుగా మొదలుపెట్టి, నేను నిక్కర్లేసుకునే రోజుల్లోనే ఈ దేశం వచ్చి, గనుల్లో యంత్రాలు బాగుచేసి, చివరికి మా షెడ్డులో తేలాడు. చెక్కలో ఇనుము కూర్చోబెట్టడం ఆయన పని. ఎక్కడా కదలకూడదు, ఎక్కడా నొక్కుకోకూడదు. మధ్యలో జిగురులాంటి రెసిన్ పోసి, ఆరాక తీసి, ఆకురాయితో ఒక్కో చోట రెండు మూడుసార్లు రుద్ది మళ్లీ పెట్టి చూసేవాడు. సందు చూడ్డానికి కంపెనీ ఇచ్చిన ఉక్కు రేకులు ఉండేవి. ఆయన వాటిని ముట్టుకునేవాడు కాదు. ఇంటి నుంచి తెలుగు క్యాలెండరు కాగితం తెచ్చుకునేవాడు, రోజుకొకటి చింపేది. దాన్ని గొట్టం కింద దూర్చి వెనకదాకా లాగి, "దశమి దూరీసింది" అనేవాడు. దూరితే ఆ రైఫిలు పాసు. మా ఓనరు గ్రాంట్‌కి తిథులు తెలియవు గానీ, ఆ కాగితం మీద నమ్మకం ఉండేది. అంకుల్ కూర్చోబెట్టిన రైఫిలు ఒక్కటీ తిరిగి రాలేదు మరి.

ఆయన నన్ను "ఇంజినీరు బాబూ" అని పిలిచేవాడు. వెటకారం పావు వంతు, మర్యాద ముప్పావు వంతు. తర్వాత ఆ పాళ్లు మారతాయని నేననుకున్నాను. మారలేదు. అదొక బాధ.

దసరాకి అంకుల్ ఆయుధపూజ చేసేవాడు. దేశంలో ఉన్నప్పుడు మనవాళ్లు స్కూటర్లకీ లేతు మిషన్లకీ చేసేవాళ్లు, పదం కాస్త సాగదీసి. మా దగ్గర సాగదీయాల్సిన అవసరం లేదు. మధ్యాహ్నం టీ వేళకి ఆకురాళ్లు, సుత్తులు, డ్రిల్లు మిషనూ తుడిచి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, వాళ్లావిడ సత్యవతి ఆంటీ పంపిన పులిహోర షెడ్డంతా పంచేవాడు. గ్రాంట్ రెండుసార్లు పెట్టించుకు తినేవాడు. మిల్లింగ్ మిషన్ మీద బొట్టు చెరిగిపోతే "మిషన్‌కి ఏదో పోయింది చూడు" అని అంకుల్‌ని పిలిచి చెప్పేవాడు.

నాకు మాత్రం సిగ్గేసేది. ఈ మాట ఇక్కడే చెప్పెయ్యాలి. తెల్లవాళ్ల మధ్య ఆ పసుపు చేతులు చూస్తే, నేనేదో వేరే పని ఉన్నట్టు కంప్యూటర్ వెనక్కి జరిగేవాణ్ని. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏమీ అనలేదు. సిగ్గుపడ్డ ఒకే ఒక్క మనిషి పసుపు వాసనలో పెరిగినవాడు. మీరు నా మీద కోపం తెచ్చుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ముందుంది ఇంకా.

ఎనిమిదేళ్ల కిందటి ఆ ఏడు గ్రాంట్ నాకు మొదటిసారి సొంతంగా ఒక డిజైన్ ఇచ్చాడు. పొట్టి రైఫిలు. గొట్టం పొట్టి, స్టాక్ పొట్టి, ఒంటి చేత్తో ఎత్తగలిగేంత తేలిక, గురి మాత్రం పొడుగుదానికి తీసిపోకూడదు. పొట్టిగా తేలిగ్గా చెయ్యడం కష్టం కాదు. పొట్టిగా తేలిగ్గా చేశాక కూడా బుద్ధిగా ఉండేట్టు చెయ్యడమే కష్టం. నేను మూడు నెలలు గీశాను. ముందు చెక్కని కింద నుంచి తొలిచాను, పక్కలకి కిటికీలు పెట్టాను, ఇంకా తొలిచాను. ఒక్కో గ్రాము తగ్గుతుంటే నాకు ఒక్కో అంగుళం పెరిగినట్టుండేది. చివరికొచ్చిన బొమ్మ అందంగా ఉంది. ఇప్పుడు చూసినా అందంగానే ఉంటుంది. ముందు చెక్క పక్షి రెక్కలాగా ఉంది, మహా తేలిక. రెక్కలు వంగుతాయన్న సంగతి నాకు తట్టలేదు.

మొదటి నమూనా దసరా రోజుకి తయారైంది. అంకుల్ గొట్టం కూర్చోబెట్టి, కాగితం లాగి చూసి, పాసన్నాడు. ఆ తర్వాతే దానికి పూజ చేశాడు. మిగతా వాటికి ఒక బొట్టు, దీనికి మూడు. "మనోడు గీసింది" అన్నాడు పక్కవాళ్లతో ఇంగ్లీషులో. నేను కంప్యూటర్ వెనక్కి జరిగాను.

మర్నాడు గ్రాంట్, నేనూ ఊరి బయట షూటింగ్ రేంజికి తీసుకెళ్లాం. బల్ల మీద ఇసుక సంచి పెట్టి కొడితే పర్వాలేదు. ముందు చెక్కకి రెండు కాళ్లు తగిలించి, నేల మీద పడుకుని కొడితే, ఐదు గుళ్లు ఐదుగురు మనుషులు కొట్టినట్టు పడ్డాయి. గ్రాంట్ చాలాసేపు బైనాక్యులర్స్‌లోంచి చూసి, "ఇంటరెస్టింగ్" అన్నాడు. ఆయన భాషలో అది పెద్ద తిట్టు. సోమవారానికి కారణం చెప్పమన్నాడు.

ఆ సాయంత్రమే నేను రైఫిలు విప్పాను. గొట్టం కింద, చెక్కలో తొలిచిన గాడిలో పసుపు కనపడింది. వేలి చివర ఆనిన గీత ఒకటి. పూజ చేసేటప్పుడు పట్టుకున్న వేలు లోపలికి జారి ఉంటుంది. నాకెంత సంతోషం వేసిందో ఏం చెప్పను. ఫోన్లో ఫోటో తీశాను, దగ్గర నుంచి. ఎంత దగ్గర నుంచంటే, ఆ గీత అందులో గోదారి ఇసుకమేటలా కనిపిస్తుంది. తర్వాత గుడ్డతో తుడిచేశాను.

ఇక్కడిదాకా నేను తప్పేమీ చెయ్యలేదు. రాస్తూ రెండుసార్లు సరిచూసుకున్నాను. చెయ్యలేదు.

శనివారం నేనొక్కణ్నే రేంజికెళ్లాను. గాడి అద్దంలా ఉంది. పడుకుని ఐదు గుళ్లు కొట్టాను. మళ్లీ ఐదుగురు మనుషులు. ఇంకో ఐదు. అంతే. చాప మీద అలాగే బోర్లా పడుకుని, చెంప మీద ఈగలు తోలుకుంటూ, ఇక చేసేదేం లేక, రైఫిలు పెట్టెలో అంకుల్ వదిలేసిన క్యాలెండరు కాగితం తీసి గొట్టం కింద దూర్చాను. దూరింది. భుజంతో రైఫిల్ని ముందుకి తోసి, పడుకుని కొట్టేటప్పుడు అందరం తోసినట్టే కాళ్ల మీద బరువు వేసి, మళ్లీ కాగితాన్ని లాగాను. రాలేదు. పట్టేసింది. బరువు తీశాను, వచ్చింది. వేశాను, పట్టేసింది.

ముందు చెక్క వంగుతోంది. నా రెక్క. వంగి గొట్టాన్ని తాకుతోంది. షెడ్డులో, బిగింపు మీద, బరువు లేకుండా చూసినంతసేపూ సందు ఉంటుంది. అంకుల్ పాసు చేసింది సరిగ్గానే. నేను గీసిందే తప్పు.

ఆ చాప మీద ఎంతసేపున్నానో తెలియదు. ఏమనుకున్నానో మాత్రం బాగా తెలుసు. అప్పుడు నా వీసా కంపెనీ స్పాన్సర్ చేసింది. పర్మనెంట్ రెసిడెన్సీ కాగితాల మీద గ్రాంట్ ఆ నెలలోనే సంతకం పెట్టాలి. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. ఇన్ని కారణాలున్నాయి చూడండి, ఎంత చక్కగా అమరాయో. ఇన్నేళ్లూ నన్ను నేను అడిగినప్పుడల్లా వీటినే వరసగా పెట్టాను. అవన్నీ నిజాలే. కానీ గ్రాంట్ సంతకం ఆపే మనిషి కాదని నాకప్పుడే తెలుసు. "ఓ, సరే, మందం పెంచు" అని టీ తాగడానికి వెళ్లిపోయే మనిషి. మరి భయం దేనికి? భయం కాదేమో. నా బొమ్మ అందంగా ఉంది. దాన్ని తప్పు అనిపించుకోవడం నాకిష్టం లేదు. ఇంకొకటి కూడా. ఆ పసుపు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చేస్తుందని నేను లోపల్లోపల ఎదురుచూస్తున్నానేమో. చివరికి చేసిందని నమ్మడం నాకు హాయిగా ఉందేమో. తప్పు చేసేటప్పుడు మనిషికి ఇంత స్పష్టంగా ఉండదు లెండి. ఇదంతా తర్వాత వెలిగింది. అప్పుడు మాత్రం, ఫోటో ఫోన్లో ఉంది కదా అనుకున్నాను.

సోమవారం పొద్దున గ్రాంట్ బల్ల చుట్టూ ముగ్గురం నిలబడ్డాం. నేను ఏమీ చెప్పలేదు. ఫోన్ తెరిచి ఫోటో చూపించాను. అంతే. చూపించడం చెప్పడం కాదు కదా, ఆ రకంగా.

అంకుల్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి దగ్గరగా చూశాడు. తర్వాత గ్రాంట్‌ని కాదు, నన్ను అడిగాడు, తెలుగులో.

"ఇదేనేటి బాబూ?"

"అలాగే ఉంది అంకుల్."

"కాయితం దూరింది కదేటి?"

"దూరాక కదా పూజ చేశారు."

ఆయన ఫోన్ నాకిచ్చేశాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు గ్రాంట్.

నేను ఇంగ్లీషులో చెప్పాను: "సారీ అంటున్నారు."

అంకుల్ సారీ అనలేదు. ముప్పై ఏళ్లు ఈ దేశంలో ఉన్న మనిషికి సారీ అంటే ఏమిటో, తన నోట్లోంచి వచ్చిందో లేదో తెలియదా? తెలుసు. నా మొహం వంక ఒక్కసారి చూసి, గ్రాంట్ వైపు తిరిగి తలూపాడు. నా మాటని తన మాటగా చేసుకున్నాడు. చదువుకున్నవాడు చెప్తున్నాడంటే అలాగే అయి ఉంటుందనుకున్నాడు కాబోలు. ఆ పూట మొదలు నిజంగానే సారీ చెప్పడం మొదలుపెట్టాడు. గ్రాంట్‌కి చెప్పాడు. నాకు చెప్పాడు. మీ మొదటి రైఫిల్ని అపవిత్రం చేశానన్నాడు. పవిత్రం చెయ్యబోయి అపవిత్రం చేశానని ఆయన అంటుంటే, నేను "పర్వాలేదు అంకుల్, ఎవరికైనా జరుగుతుంది" అన్నాను. ఇన్నేళ్లలో నేనాడిన మాటల్లో అన్నిటికంటే నీచమైనది ఇదేననుకుంటాను. ఎంతో మర్యాదగా అన్నాను కూడా.

గ్రాంట్ కోప్పడలేదు. "రైఫిళ్ల మీద మాత్రం ఆ పసుపుది వద్దు, మేట్" అన్నాడు. మిషన్ల మీద వద్దనలేదు. పులిహోర అసలే వద్దనలేదు. కానీ అంకుల్ అన్నీ మానేశాడు. మరుసటి దసరాకి తన ఆకురాళ్ల పెట్టెకి కూడా బొట్టు పెట్టలేదు. ఎందుకని గ్రాంటే అడిగితే, "అమ్మవారికి నా సెయ్యి పడలేదు" అని తెలుగులో నాతో అని, ఇంగ్లీషులో ఆయనతో "బిజీ" అన్నాడు. కొత్త నమూనాలు కూర్చోబెట్టే పని కూడా తనే వదులుకున్నాడు. వేరేవాళ్లకి ఇవ్వమన్నాడు. గురిచూసే టెలిస్కోపు బిగించే పట్టాలకి కన్నాలు వేసే మిషన్ దగ్గరికి జరిగాడు. ఆ పని ఎవరైనా చెయ్యగలరు. ఎనిమిదేళ్లు అదే చేశాడు. కాగితం తేవడం మానేశాడు. ఎప్పుడైనా సందు చూడాల్సొస్తే ఉక్కు రేకులు వాడేవాడు, అందరిలాగే.

నేనేం చేశానంటే, ఆ సోమవారం మధ్యాహ్నమే బొమ్మ తెరిచి, ముందు చెక్క లోపల ఎముకలాంటి మందపాటి పట్టీ ఒకటి గీశాను. అది వంగకుండా. మార్పుకి కారణం రాయాలి మా పద్ధతిలో. "పట్టుకోవడానికి సౌకర్యం కోసం" అని రాశాను. రెండో నమూనా పడుకుని కొట్టినా గుళ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి. గ్రాంట్ సంబరపడి, "చూశావా, శుభ్రంగా ఉంటే చాలు" అన్నాడు. ఆ పొట్టి రైఫిలు ఇప్పటికీ మా కంపెనీలో అన్నిటికంటే బాగా అమ్ముడుపోయేది. పత్రికల్లో దాని ముందు చెక్క గట్టిదనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ పేజీని నేను ఫ్రేము కట్టించలేదు. వినయం అనుకున్నారు.

నా బతుకు బాగుంది. అబద్ధం ఎందుకు? కాగితాలొచ్చాయి, ఇల్లొచ్చింది, పాప పుట్టింది. నేను తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఇద్దరం ఒకరికొకరం అర్థమవుతాం. పెరట్లో నిమ్మచెట్టు కాస్తుంది. వేసవి సాయంత్రాలు సముద్రం మీంచి గాలి వస్తే కుర్చీ బయటేసుకుని కూర్చుంటాను. అపరాధం మనిషిని పురుగులా తొలిచేస్తుందంటారు. నన్ను తొలవలేదు. ఏడాదికోసారి, దసరా రోజు మధ్యాహ్నం టీ వేళ షెడ్డు మామూలుగా ఉన్నప్పుడు మాత్రం, ఏదో వాసన రావాల్సినది రాలేదనిపించేది. టీ అయిపోయేసరికి పోయేది. ఇంత తక్కువ శిక్షతో ఇంత పని జరిగిపోతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ని కాదు.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నాను? ఆయన రిటైరయ్యాడు.

కిందటి నెల శుక్రవారం, షెడ్డు బయట బార్బెక్యూ పెట్టాం. పది పన్నెండు మందిమి. గ్రాంట్ సాసేజీలు మాడుస్తున్నాడు. ప్లేట్లు నేనే తెచ్చాను, ఎవరూ అడక్కుండానే. అంకుల్‌ని మాట్లాడమన్నారు. ఆయన మాట్లాడే రకం కాదు. అయినా లేచి నిలబడి, తన ఇంగ్లీషులో, నవ్విస్తూ చెప్పాడు. మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి పోతాను అన్నాడు. నా సర్వీసులో నేను ఒకే ఒక్క రైఫిలు పాడుచేశాను, పసుపు పూసి పాడుచేశాను, ఇంజినీరు మూడు నెలల కష్టం, గుళ్లు ఊరంతా పడ్డాయి, కాబట్టి అబ్బాయిలూ, చేతులు కడుక్కోండి, దేవుళ్లని ఇంట్లో పెట్టుకోండి, అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. నా చేతిలో రొట్టె, దాంట్లో సాసేజీ. నేనూ నవ్వాను.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎనిమిదేళ్లలో నన్ను కదిలించినది అదొక్కటే. ఆయన తల దించుకోవడం కాదు, కన్నాల మిషన్ కాదు, దసరాలు కాదు. నా నవ్వు నాకే వినపడటం. చూశారా, అక్కడ కూడా నా గొడవే.

మా ఆవిడకి చెప్పాను. మొత్తం విని, "ఈ ఆదివారం వెళ్తున్నావా, వచ్చే ఆదివారమా?" అంది. మూడో దారి ఆమె ఇవ్వలేదు.

ఆ ఆదివారమే వెళ్లాను. ఆయన ఇల్లు మాకు పది నిమిషాల దూరం. సత్యవతి ఆంటీ తలుపు తీసి, "రండి రండి, పెరట్లో ఉన్నారు, ఆ గోంగూర మీద పడి ఉంటారు పొద్దస్తమానం" అని నాకో గ్లాసు మజ్జిగ ఇచ్చి వెనక్కి పంపింది. అంకుల్ లుంగీ పైకి కట్టి, చిన్న పీట మీద కూర్చుని కలుపు తీస్తున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. పక్కన ఇంకో పీట జరిపాడు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే గోంగూర గురించి మాట్లాడి వచ్చేస్తానని తెలుసు. నిలబడే చెప్పాను. శనివారం రేంజి, కాగితం, రెక్క, ఎముక, సౌకర్యం కోసం అని రాసిన మాట. ఫోటో తీశాక తుడిచేశాననీ, తుడిచాక కూడా గుళ్లు అలాగే పోయాయనీ. సారీ మీరు అనలేదు, నేనన్నానని కూడా చెప్పాను. మధ్యలో ఆపకుండా చెప్పాను. చెప్పడం నేననుకున్నంత కష్టం కాలేదు. చెప్పేశాక ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు అనిపించింది, అంత హాయిగా ఉండటం న్యాయం కాదని కూడా అనిపించింది, అయినా హాయిగానే ఉంది.

అంకుల్ చేతిలో ఉన్న గడ్డిని మట్టి దులిపి పక్కన పెట్టాడు. చాలాసేపు తన కుడి చెయ్యి వంక చూసుకున్నాడు. తిప్పి చూశాడు. వేళ్లు ఒక్కొక్కటీ ముడిచి తెరిచాడు, కొత్త పనిముట్టు పని చేస్తుందో లేదో చూసినట్టు.

"ఎంత మందం ఒగ్గీసేవు, ముందు సెక్క?"

చెప్పాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ మందం పెట్టి చూపించాను.

"అది వంగదేటి మరి?" అన్నాడు. "నన్నడిగుంటే ఆరోజే సెప్పీసేవోణ్ని."

అవునన్నాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆ మాట నా దగ్గర సిద్ధంగా ఉంది, దార్లో కారులో రెండుసార్లు అనుకుంటూ వచ్చాను. నోరు తెరిచేలోగా ఆయన లేచాడు. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచి, లుంగీ దించుకుని, నా కళ్లలోకి చూశాడు. కోపం లేదు. ప్రేమ కూడా లేదు. కాగితం లాగి చూసేటప్పుడు ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు.

"నాకు సెప్పేవు, బావుంది. నేను అక్కడ పదిమందిలో నిలబడి తప్పు నాదని సెప్పి వచ్చీసేను. ఆళ్లకి ఎవుడు సెప్తాడు?"